పిల్లలకు పిట్ట కనిపించాలంటే

వసంతకాలపు పక్షుల నడకలో పిల్లలకు బైనాక్యులర్‌లో ఆకులు తప్ప ఏమీ కనిపించడం లేదని రాశారు. తప్పు పిల్లలది కాదు. మీరిచ్చిన 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వెడల్పు 50 మి.మీ.) వారి చేతులకు బరువు, పైగా అందులో కనిపించే మేర తక్కువ. 8×32 ఇచ్చి చూడండి. ముందు ఏదైనా ఎండుకొమ్మ మీద సాధన చేయించండి: చూపు దాని మీదే నిలిపి, తల వంచకుండా, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తేవాలి. చాలామంది ఒకసారి కిందికి చూసి మళ్లీ పైకి వెతుకుతారు. పిట్ట తప్పిపోయేది అక్కడే.

నడక తెల్లవారుతుండగానే మొదలుపెట్టండి. హద్దు చాటుకోవడానికి, జోడును పిలవడానికి మగ పక్షులు అప్పుడే గట్టిగా పాడతాయి. పిల్లల్ని కళ్లు మూసుకుని పాట వచ్చిన దిక్కుకు వేలు చూపమనండి. అన్ని వేళ్లూ ఒకే కొమ్మ వైపు తిరిగిన ఆ క్షణం చూడాల్సిందే! ఫోనులో కూత వినిపించి మాత్రం పక్షిని రప్పించకండి. పోటీదారు వచ్చిందనుకుని పాపం గూటిని వదిలి వస్తుంది.