షెర్లాక్ హోమ్స్ డిటెక్టివ్ కథల్ని తెలుగులోకి తెస్తే, హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ ఒకరినొకరు ‘మీరు’ అనుకోవాలా, ‘నువ్వు’ అనుకోవాలా?

నా మటుకు ‘మీరు’ అనే రాయాలి. 1887లో మొదలైన ఆ కథల్లో ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకుంటారు, అయినా పిలుచుకునేది ఇంటిపేర్లతోనే. ఆ రోజుల్లో చదువుకున్న ఇంగ్లీషు మగవాళ్ల మధ్య అది దూరం కాదు, స్నేహమే. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే కాబట్టి రచయితకి ఈ చిక్కు రాలేదు, అనువాదంలో మనకొస్తుంది.

‘మీరు’ అంటే చనువు పోతుందని టెన్షన్ అక్కర్లేదు. మా కోనసీమ చూడండి. అమలాపురంలో మా నాన్నగారు, పక్కింటి మాస్టారు నలభై ఏళ్లుగా ఒకే అరుగు మీద పేపరు పంచుకుంటున్నారు. ఇప్పటికీ ‘టీ తాగారాండీ?’ అంటే ‘ఆయ్, ఇప్పుడేనండి’ అనే జవాబు. పేకాటలో కోపమొచ్చినా ‘మీరు తొండి ఆడుతున్నారండి’ అనే అరుచుకుంటారు.