గుండె డాక్టరు దగ్గర ఏఆర్‌టీ మాత్రలు దాచకు

తమ్ముడూ,

నువ్వు ఫోటో తీసి పంపిన రిపోర్టు చూశాను. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 138, రక్తంలో ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 210, బీపీ 146/92. వైరల్ లోడు, అంటే రక్తంలో హెచ్‌ఐవీ వైరస్ లెక్క, మాత్రం మిషనుకి అందనంత తక్కువ. “వైరస్ అణిగిపోయింది కదక్కా, మళ్లీ ఈ కొవ్వు మాత్ర ఎందుకు?” అని అడిగావు. మంచి ప్రశ్నే. బరంపురంలో హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందుల కోసం లైన్లో నిలబడే మనవాళ్లలో నలభై దాటిన ప్రతి ఒక్కళ్లూ అడగాల్సిన ప్రశ్న, కానీ ఎవరూ అడగరు.

వైరస్ అణిగినా ఒంట్లోంచి పూర్తిగా పోదు. శరీరం దానితో లోలోపల పోరాడుతూనే ఉంటుంది. ఆ పోరులో రక్తనాళాల లోపలి పొర ఏళ్ల తరబడి వాస్తూ ఉంటుంది, అక్కడ కొవ్వు పేరుకోవడం తేలికవుతుంది. అందుకే హెచ్‌ఐవీ లేనివాళ్ల కంటే మనకి గుండెపోటు ముప్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుందని చెబుతారు. పాత మందుల పాపం కూడా కొంత ఉంది. ప్రభుత్వం 2004లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన కొత్తలో స్టావుడిన్ అనే పాత ఏఆర్‌టీ మందు మింగిన తరం మాది. చెంపలు పీక్కుపోయి, చేతులు సన్నబడి, రక్తంలో మాత్రం కొవ్వు పెరిగినవాళ్లని ఎంతమందిని చూశానో. నువ్వు వేసుకునే టీఎల్‌డీ అలాంటిది కాదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఆ ఒక్క మాత్ర కొలెస్ట్రాల్‌ని పెద్దగా చెడగొట్టదు. కాకపోతే డోలుటెగ్రావిర్‌తో కొందరికి బరువు పెరుగుతుంది. సూరత్ మరమగ్గాల దగ్గర్నుంచి ఎముకల గూడులా తిరిగొచ్చినవాడివి, ఇప్పుడు కాస్త పొట్ట వస్తే “ఒళ్లు చేశాడు, బాగున్నాడు” అని ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు నమ్మకు. టేపు పెట్టి నడుం కొలుచుకో. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క.

గుండెకి భయపడి ఏఆర్‌టీ మానేద్దామని మాత్రం అనుకోకు. మందు ఆపుతూ మళ్లీ మొదలుపెడుతూ పోతే ఏమవుతుందో చూసిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపినవాళ్లలోనే చావులూ ఎక్కువ, గుండె జబ్బులూ ఎక్కువ. బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్ర రోజుల్లో వీధుల్లో తిరుగుతూ మాత్రలు మరిచిపోయేవాళ్లని ఎరుగుదును. అమ్మవారేం కోప్పడదు, జేబులో ఒక మాత్ర వేసుకుని వెళ్లు.

ఇక నువ్వడిగిన కొవ్వు మాత్ర, అంటే స్టాటిన్ సంగతి. మనలాంటివాళ్ల మీదే దీన్ని పరీక్షించారు. రిప్రీవ్ అని పేరు. 40 నుంచి 75 ఏళ్ల లోపు 7,769 మంది, 12 దేశాలు, అందులో మన దేశం కూడా ఉంది. అందరూ ఏఆర్‌టీ వాడుతున్నవాళ్లే, గుండె ముప్పు మరీ ఎక్కువ లేనివాళ్లే. సగం మందికి రోజూ పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. 2023లో ఫలితం బయటికొచ్చింది: గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. శాతం వింటే పెద్దగా అనిపిస్తుంది కాబట్టి ఇంకోలా చెబుతాను. వెయ్యి మందిలో ఏడాదికి సుమారు ఏడుగురికి వచ్చేది ఐదుగురికి వచ్చింది. మంత్రమేం కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. బీపీ, పొగాకు, పొట్ట ఉన్న నీలాంటివాడికి లాభం ఇంకాస్త ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. నీ చీటీలో అటోర్వాస్టాటిన్ రాశారు. అదీ ఆ కుటుంబంలోదే, టీఎల్‌డీతో దానికి పేచీ లేదు. జనఔషధి దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి మళ్లీ రక్త పరీక్ష చేయించు. ఎల్‌డీఎల్ తగ్గిందని మాత్ర ఆపేయకు, తగ్గింది దానివల్లే.

దాని చెడు కూడా విను. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. చక్కెర కొంచెం పెరగొచ్చు. ఒళ్లంతా నొప్పులు పుట్టి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే మాత్ర ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తు. టిఫిన్ బండి దగ్గర రోజంతా నిలబడితే వచ్చే పిక్కల నొప్పికి కూడా మాత్రనే తిట్టుకోకు.

ఇప్పుడు అసలు విషయం. గుండె డాక్టరుకి నీ ఏఆర్‌టీ సంగతి చెప్పలేదట. కాంపౌండరు మన వీధివాడని భయపడ్డావట. ఆ భయం నాకు తెలీనిది కాదు. కానీ నీకు హెచ్‌ఐవీ ఉందని తెలీని డాక్టరు నీ ముప్పుని తక్కువ లెక్కేస్తాడు. రేపు షుగరు వస్తే మెట్‌ఫార్మిన్ రాస్తాడు. డోలుటెగ్రావిర్‌తో పాటు అది రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి? కాబట్టి ఇలా చెయ్యి. ఒక చిన్న కాగితం మీద మూడు మందుల పేర్లు రాసుకో, జబ్బు పేరు రాయక్కర్లేదు. లోపలికెళ్లాక “సార్, ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడాలి” అని ఒడియాలోనో హిందీలోనో అడుగు. కాగితం ఆయన చేతికియ్యి. చదివితే ఆయనకే అర్థమవుతుంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ అనుమతి లేకుండా ఆయన ఎవరికీ చెప్పకూడదు, ఈ జబ్బుందని వైద్యం కాదనకూడదు. కాంపౌండరు చూస్తాడనిపిస్తే చీటీ మీద రాయొద్దని కూడా అడుగు. అందులో తప్పేం లేదు.

మరదలి సంగతి వేరు, ఇది ఆమెకి చదివి వినిపించు. ఆమె రెండో లైను మందుల్లో (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవి) ఉంది, అటాజనావిర్‌తో పాటు రిటోనావిర్. ఆ రిటోనావిర్ కొన్ని స్టాటిన్లని ఒంట్లోంచి బయటికి పోనివ్వదు. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ ఆమె అసలు ముట్టుకోకూడదు. అటోర్వాస్టాటిన్ అయితే తక్కువ డోసుతో మొదలుపెట్టాలి, రోసువాస్టాటిన్ అయితే 10 మిల్లీగ్రాములు దాటకూడదు. మన ఇళ్లలో తలనొప్పి మాత్ర పంచుకున్నట్టు అన్నీ పంచుకుంటారు, అందుకే గట్టిగా చెబుతున్నాను: నీ స్ట్రిప్పులోంచి ఆమెకి ఒక్క మాత్ర కూడా ఇవ్వకు. గ్యాసు మాత్రలు కూడా మెడికల్ షాపులో అడిగి తెచ్చెయ్యొద్దు, అటాజనావిర్ ఒంటికి పట్టకుండా చేస్తాయి.

పొగాకు దగ్గర నేను మొహమాటపడను. బీడీ మానేశానని గొప్పగా చెబుతావు, పొద్దున్నే గుడాఖు డబ్బా తీసి పళ్లకి రుద్దుతావు. అదీ పొగాకే. వేలికి ఇంత తీసుకుని, చిగుళ్ల మీద పాముకుని, తల తిరిగేదాకా కూర్చుంటే గుండె దడదడలాడేది ఎందుకనుకున్నావు? మీ అమ్మ చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగి ఎనభై ఏళ్లు బతికిందంటావు. ఆవిడకి మన జబ్బు లేదు నాయనా. మానడం కష్టమైతే 1800-11-2356కి ఫోన్ చెయ్యి, ఉచితం.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను, టిఫిన్లు అమ్మేవాడికి నేనేం చెప్పాలి. ఒక్కటే, వడలు వేసిన నూనె నల్లబడ్డాక కూడా రాత్రి ఇంటికి పట్టుకెళ్లి కూరలో పోస్తున్నావు. అది మానెయ్యి. కొనేవాళ్లకి కూడా దాంట్లో వెయ్యకు. డాల్డా వద్దు. చద్దన్నం మంచిదే, దాని పక్కన పెట్టుకునే ఎండు చేప, అప్పడం, ఊరగాయలతోనే నీ బీపీ ఆ అంకె చేరింది. మూడూ ఒకే పూట వద్దు, ఒకటి ఎంచుకో. ఇంటిల్లిపాదికీ మనిషికి రోజుకి ఒక టీస్పూను ఉప్పు, ఊరగాయలోదీ కలిపే. పచ్చి చేపల కూరకి అడ్డు లేదు, గోపాల్‌పూర్ ఒడ్డున ఉండి దానికి కరువేంటి. బండి కట్టేశాక ఒడ్డు వెంట అరగంట జోరుగా నడువు.

బీపీకి డాక్టరు మాత్ర రాస్తే దాన్నీ వాయిదా వెయ్యకు. నా మటుకు నాకు, నీ రిపోర్టులో కొలెస్ట్రాల్ కంటే ఆ 146 చూస్తేనే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. వారం పాటు పొద్దున్నా సాయంత్రం కొలిపించి అంకెలు రాసిపెట్టు.

ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాసని సోడా తాగి కూర్చోకు, 108కి ఫోన్ చెయ్యి. మరదలికైతే నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, వాంతి, నీరసమే రావొచ్చు, అది కూడా గుర్తుంచుకో. వచ్చే నెల మందులకి బరంపురం వచ్చినప్పుడు మీ ఇద్దరి చీటీలూ, ఆ బీపీ కాగితమూ తీసుకురా, ఏఆర్‌టీ డాక్టరుకి చూపిద్దాం.

అక్క