పిల్లల ఆటల ఫొటోలు: కెమెరా సంగతి తర్వాత, ముందు కోచ్‌ని అడగండి

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో మీ అన్నయ్య నడిపే స్పోర్ట్స్ అకాడమీలో 10 నుంచి 15 ఏళ్ల పిల్లలకి, ఫ్లెక్సీకీ బ్రోచర్‌కీ పనికొచ్చే యాక్షన్ ఫొటోలు తీయాలి. మీ దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, కిట్ లెన్స్, 50 ఎంఎం లెన్స్, ఒక ఫ్లాష్ ఉన్నాయి. ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఇక్కడా గుంటూరులోనూ స్కూళ్లకీ అకాడమీలకీ నేను ఈ పని చేస్తుంటాను, అందుకే జవాబు రాస్తున్నాను.

ఉన్న సామాను చాలు, కొత్తది కొనకండి. ఏ క్షణంలో బటన్ నొక్కాలో మీకు ముందే తెలిసుండాలి, ఈ పనిలో అదే ముఖ్యం. అది చెప్పగలిగేది కోచ్. షూట్‌కి ముందు ఒక సాయంత్రం కెమెరా లేకుండా వెళ్లి ప్రాక్టీస్ చూడండి. ‘సార్, ఈ అమ్మాయి ఫామ్ (ఆడేటప్పుడు ఒంటి తీరు) ఎక్కడ బాగా కనిపిస్తుంది?’ అని ఒక్కొక్కరి గురించీ అడిగి రాసుకోండి.

లాంగ్ జంప్ తీసుకోండి. కొత్తవాళ్లు పిల్లాడు ఇసుకలో పడేటప్పుడు తీస్తారు. ఇసుక ఎగరడం బాగానే ఉంటుంది గానీ నడుము మడిచి, మొహం మోకాళ్లలో పెట్టుకుని ఉంటాడు. ఆ ఫొటో ఇంట్లోవాళ్లకి నచ్చినా కోచ్ పక్కన పడేస్తాడు. బోర్డు మీద నుంచి లేచాక ఛాతీ ఎత్తి, చూపు దూరంగా పెట్టి గాల్లో సాగే క్షణం ఒకటుంటుంది, కావాల్సింది అదీ. బ్యాడ్మింటన్ స్మాష్ అయితే నెట్ అవతల నుంచి, రాకెట్ షటిల్‌కి తగలబోయే ముందు, మోచెయ్యి ఇంకా వెనకే ఉన్నప్పుడు తీయాలి. తగిలాక తీస్తే చెయ్యి మొహానికి అడ్డం వచ్చేస్తుంది. కబడ్డీలో పిల్లాణ్ణి ఊరికే పోజు పెట్టమంటే కెమెరా చూసి నవ్వేస్తాడు. నిజంగా కూత పెట్టమనండి, ఎదురుగా ఇద్దరిని పట్టుకోవడానికి నిలబెట్టండి. మొహంలో పౌరుషం దానంతటదే వస్తుంది.

ఎగిరే ఫొటోలకి ఒక లెక్క పనికొస్తుంది. నిలువుగా ఎగిరిన మనిషి గాల్లో ఉండే సమయంలో సగం, ఆ ఎత్తులో పై పావు భాగంలోనే గడుస్తుంది. అంటే శిఖరం దగ్గర మీకు అనుకున్న దానికన్నా ఎక్కువ సమయం దొరుకుతుంది, కంగారు అక్కర్లేదు. అక్కడ శరీరం దాదాపు ఆగినట్టే ఉంటుంది గానీ చేతులు, రాకెట్ ఆగవు. అందుకే షట్టర్ వేగం 1/1000 సెకను కన్నా తగ్గించకండి. షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగం మీరు ఎంచుకునే మోడ్) పెట్టి, ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేసి, వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ పెట్టుకోండి. పిల్లలు ఎగిరే చోట ఒక కోన్ పెట్టి దాని మీద ఫోకస్ చేసి, లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చేసి, కోన్ తీసేయండి. పాత కెమెరా ఆటోఫోకస్‌తో కుస్తీ పట్టడం కన్నా ఇది నయం.

నేల మీద పడుకుని తీయడానికి సిగ్గుపడకండి. కెమెరా ఎంత కిందికి దిగితే వెనక దిగంతం అంత కిందికి దిగి, పిల్లాడు అంత ఎత్తు ఎగిరినట్టు కనిపిస్తాడు. పొద్దున్నే గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం లాంటి చోట వెనక వాకింగ్ చేసేవాళ్లు ఫ్రేములో పడతారు కదా, కిందనుంచి తీస్తే చాలావరకు వాళ్లు కూడా పోయి ఆకాశం మిగులుతుంది. ఫోన్‌తో తీసేటప్పుడు తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ నేలకి దగ్గరవుతుంది.

ఎండాకాలం బెజవాడ సంగతి మీకు చెప్పాలా? ఉదయం 6 నుంచి ఏడున్నర లోపు అయిపోవాలి. తర్వాత ఎండ నెత్తిమీదికొచ్చి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, పిల్లలకీ నీరసం వస్తుంది. సాయంత్రమైతే పున్నమి ఘాట్, భవానీ ఘాట్ వైపు బాగుంటుంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కాబట్టి పడమటి ఆకాశం నది మీద తెరుచుకుని ఉంటుంది. ఎగిరే ఆట మెట్ల మీద కాదు, పైన చదునుగా ఉన్న చోట మాత్రమే, నీళ్లకి దూరంగా, పెద్దవాళ్లు పక్కనుండగా. సూర్యుణ్ణి పిల్ల వెనక ఉంచి, ముందునుంచి ఫ్లాష్ కొట్టండి. చాలా కెమెరాల్లో ఫ్లాష్ వాడితే షట్టర్ 1/200 లేదా 1/250 దాటదు. వెలుతురు తగ్గాక ఇది ఇబ్బంది కాదు, ఎందుకంటే కదలికని ఆపేది అప్పుడు ఫ్లాషే. ఫుల్ పవర్‌లో కాకుండా 1/8 దగ్గర పెట్టండి, మెరుపు నిడివి తగ్గి ఫొటో ఇంకా పదునుగా వస్తుంది. ఫ్లాష్ స్టాండ్‌ని ఒక మనిషి పట్టుకునే ఉండాలి, నది గాలికి ఫ్లాష్‌కి తగిలించే గొడుగు నిలబడదు.

ఇండోర్ హాలులో ఒక తలనొప్పి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ వేగమైన షట్టర్‌లో ఒక ఫొటో వెలుతురుగా, ఇంకోటి పసుప్పచ్చగా వస్తాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఎక్కువ ఫొటోలు తీసి మంచివి ఏరుకోండి. మ్యాచ్ జరుగుతుంటే ఫ్లాష్ వద్దు.

మీ పిల్లల్లో ఆర్చరీవాళ్లు ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన ఆర్చర్ జ్యోతి సురేఖది మన ఊరే కదా, తల్లిదండ్రులు ఆమె ఫొటో చూపించి ఎదురుగా నిలబడి అలాగే తీయమంటారు. షూటింగ్ లైన్ దాటి ముందుకు ఎవరూ వెళ్లకూడదు, మీరు కూడా. ఎదురు ఫొటో కావాలంటే కోచ్ ఒప్పుకుంటే ముందే ట్రైపాడ్ పెట్టి, లైన్ వెనక్కి వచ్చి రిమోట్‌తో తీయండి. బాణం లేకుండా వింటినారి లాగి వదలమని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, విల్లు విరిగే ప్రమాదం ఉంది. నాకైతే పక్కనుంచి, నారి ముక్కుకి ఆనుకుని కన్ను గురి మీద నిలిచిన ఫొటోయే ఎదురు ఫొటో కన్నా బాగుంటుంది.

వార్మప్ అయ్యాకే మొదలుపెట్టండి. కావాల్సిన యాక్షన్ మొదటి కొన్ని ప్రయత్నాల్లోనే తీసేయాలి. ‘ఇంకొక్కసారి నాన్నా’ అంటూ సాగదీస్తే కాళ్లు అలసి ఫామ్ పోతుంది, దెబ్బలు తగులుతాయి. ఆ తర్వాత చెమటతో ఆయాసపడుతున్నప్పుడు నిలబెట్టి దగ్గరగా ఒక పోర్ట్రెయిట్ తీయండి. చాలాసార్లు ఇంట్లో ఫ్రేము కట్టించుకునేది దాన్నే.

తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఆడపిల్లల షూట్‌కి ఇంటివాళ్లు ఒకరు అక్కడే ఉండేలా చూడండి. ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు పిల్లల పేరు, స్కూలు, ప్రాక్టీస్ టైము ఒకేచోట రాయొద్దు.

ఫ్లెక్సీకి అయితే ముందే డిజైనర్‌ని అడగండి. చాలామంది పిల్లల్ని కటౌట్ చేసి వేరే బ్యాక్‌గ్రౌండ్ పెడతారు కాబట్టి చేతులు, కాళ్లు, రాకెట్ ఏదీ ఫ్రేములో తెగకూడదు, చుట్టూ కాస్త ఖాళీ వదలండి. ఫైళ్లు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయండి.