ఇంటి వాతావరణ స్టేషన్ వానను తక్కువ చూపిస్తుంటే ముందు దాని చోటు చూడండి

మేడ మీది మీ స్టేషన్‌లో 31 మి.మీ. వచ్చిందని, అదే వానకు నాలుగు కిలోమీటర్ల అవతలున్న మండల కేంద్రంలో 52 మి.మీ. నమోదైందని, పరికరం మార్చెయ్యాలా అని అడిగారు. అప్పుడే మార్చకండి. నాకూ ఇలాగే జరిగింది.

మాది అనంతపురం జిల్లా, వర్షాధారం మీద వేరుశనగ వేస్తాం. విత్తనం పడాలంటే నేలలో పదును, అంటే తగినంత తేమ, కావాలి. 10 మి.మీ. అటూ ఇటూ అయితే మా నిర్ణయమే మారిపోతుంది, అందుకే ఈ లెక్క నాకు చాలా ముఖ్యం. మొదటి సంవత్సరం స్టేషన్‌ను మేడ మీద, పిట్టగోడ పక్కన, నీళ్ల ట్యాంకుకు దగ్గరగా బిగించాను. ఎత్తులో ఉంటే వాన బాగా పడుతుందనుకున్నాను. అదే పొరపాటు. మేడ గోడకు కొట్టిన గాలి పైకి లేస్తుంది. ఆ ఊపులో చినుకులు స్టేషన్ మీద వానను పట్టే గరాటులో పడకుండా దాని మీదుగా దాటిపోతాయి. మా దగ్గర వాన గాలితోనే వస్తుంది కాబట్టి దాదాపు ప్రతిసారీ లెక్క తగ్గేది.

ఇది తేల్చుకోవడానికి అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న స్టీలు డబ్బాలు రెండు తీసుకున్నాను. ఒకటి మేడ మీద స్టేషన్ పక్కన దాని ఎత్తులోనే కట్టాను, రెండోది పెరట్లో బయలుగా ఉన్నచోట పెట్టాను. ఇలాంటి డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల లోతు నీళ్లుంటే అన్ని మి.మీ. వాన పడినట్టు, స్కేలు పెట్టి చూసుకోవచ్చు. ఆరుద్ర కార్తెలో ఒక రాత్రి మంచి వాన పడింది. పొద్దున చూస్తే పెరటి డబ్బాలో 40, మేడ మీద డబ్బాలో 31, స్టేషన్‌లో 29. అంటే పరికరం తప్పు 2 మి.మీ. మాత్రమే, మిగతా 9 చోటు వల్ల పోయింది. మీరు కూడా ముందు ఈ పని చెయ్యండి. డబ్బా నీళ్లు మాత్రం రోజూ పారబోయండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

తర్వాత స్టేషన్‌ను పెరట్లోకి మార్చాను. ఇనుప పైపు పాతి, అడుగున కాంక్రీటు పోశాను. పైపు ఊగితే స్టేషన్ లోపల వానను కొలిచే చిన్న గిన్నెలు వాన లేకుండానే ఒరిగి దొంగ లెక్క వస్తుంది. చెట్టుగానీ గోడగానీ గరాటు అంచు కంటే ఎంత ఎత్తుంటే, కనీసం దానికి రెండింతల దూరం ఉండాలి. మా వేపచెట్టు 6 మీటర్లు ఎక్కువ ఎత్తుంది, అందుకని స్టేషన్‌ను దానికి 12 మీటర్ల దూరంలో పెట్టాను. మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి గరాటు అంచు రెండు వైపులా మట్టంగా ఉందో లేదో చూసుకోండి.

అంత దూరం జరిపినా వేపపూత వదల్లేదు. ఉగాది తర్వాత ఒక సాయంత్రం గట్టి వాన పడుతుంటే, స్టేషన్ లెక్క చూపించే ఫోన్ యాప్‌లో సున్నా. మర్నాడు ఎండ కాస్తుంటే ఐదు, పది నిమిషాలకోసారి 0.2, 0.2 అని ఎక్కుతోంది. మూత తీసి చూస్తే గరాటు రంధ్రంలో పూత ముద్దగా అతుక్కుపోయి, వెనక నిలిచిన నీళ్లు ఒక్కో చుక్కగా జారుతున్నాయి. వాన ఆగాక కూడా లెక్క చాలాసేపు పెరుగుతుంటే అడ్డు పడిందని అర్థం. లోపల సాలెగూడు ఉన్నా గిన్నెలు సరిగ్గా ఒరగవు. సీజన్‌లో నేను వారానికోసారి మూత తీసి తుడుస్తాను.

ఇక పరికరం అసలు తప్పు ఎంతో చూడాలి. లోపల తక్కెడలా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న గిన్నెలుంటాయి. మా దాంట్లో ఒకసారి ఒరిగితే 0.2 మి.మీ. గరాటు వ్యాసం 16 సెం.మీ., వైశాల్యం సుమారు 201 చదరపు సెం.మీ. కాబట్టి 1 మి.మీ. వానకు 20.1 మి.లీ. నీళ్లు. 500 మి.లీ. ఖాళీ సెలైన్ సీసాలో మంచినీళ్లు నింపి, దాని గొట్టంతోనే గంటకు పైగా పట్టేలా గరాటులోకి చుక్కచుక్కగా వదిలాను. 500 మి.లీ. అంటే సుమారు 24.9 మి.మీ. వాన, 0.2 చొప్పున 124 సార్లు ఒరగాలి, మూడుసార్లు చేసినా 116 దగ్గరే ఆగింది. యాప్‌లో వాన లెక్కను సరిచేసే సెట్టింగ్‌లో 124ను 116తో భాగిస్తే వచ్చే 1.07 పెట్టాను, సరిపోయింది. నీళ్లు ఒక్కసారిగా మాత్రం పోయకండి. గిన్నె ఒరిగే క్షణంలో పడిన నీళ్లు లెక్కలోకి రావు, కుండపోత వానలో కూడా ఇందుకే కొంత తగ్గుతుంది. చోటు వల్ల పోయిన వానను ఈ సెట్టింగ్‌తో పూడ్చాలని చూడకండి, గాలి ఒక్కో వానకు ఒక్కోలా ఉంటుంది.

మండలం లెక్కతో పోల్చేటప్పుడు సమయం కూడా చూడండి. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, యాప్ రోజు అర్ధరాత్రికి మారిపోతుంది. సోమవారం సాయంత్రం వాన వాళ్ల పట్టికలో మంగళవారం తేదీ మీద ఉంటుంది. అదీకాక, ఉరుముల వాన నాలుగు కిలోమీటర్లలో నిజంగానే సగానికి సగం తేడా పడుతుంది. అందుకే మండలం అంకెకంటే మీ పెరటి డబ్బానే నమ్మండి.

వచ్చే వానకు రెండు డబ్బాలు పెట్టి, ఆ అంకెలు, మీ గరాటు వ్యాసం ఇక్కడ రాయండి. ఎన్నిసార్లు ఒరగాలో నేను లెక్క కట్టి చెప్తాను.