అందర్నీ అడుగుతున్నా, ఒక్కరూ నోరు విప్పట్లేదు

ప్రశ్న: నాకు 31. విజయవాడ సత్యనారాయణపురంలో నాన్న పెట్టిన క్యాటరింగ్ రెండేళ్ళుగా నేనే చూస్తున్నా, 14 మంది పనోళ్ళు. నాన్నలా అరవకూడదని ప్రతి సోమవారం అందర్నీ కూర్చోబెట్టి ఏం చేద్దామని అడుగుతా, "మీ ఇష్టం అమ్మా" అంటారు, బయట టీ కొట్టు దగ్గర మాత్రం అన్నీ మాట్లాడుకుంటారంట. "పనోళ్ళని అడిగితే ఇట్టాగే ఉంటది" అని నాన్న ఎత్తిపొడుపు. పది రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

జవాబు: మీటింగప్పుడు నాన్నగారు ఎక్కడ కూర్చుంటారో రాయలేదు, గల్లాపెట్టె దగ్గరే అయ్యుంటారు. ఇన్నేళ్ళు ఆయన మాట మీద నడిచిన వంట మాస్టారు ఆయన ఎదురుగా తప్పు ఎలా ఎంచుతాడమ్మా, అది భయం కూడా కాదు, మర్యాద.

1930ల చివర్లో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు తన వాళ్ళతో కలిసి అమెరికాలో పదేళ్ళ పిల్లల గ్రూపుల్ని గమనించాడు. గదమాయించే లీడర్ ఉన్నంతసేపూ పని జరిగింది, ఆయన బయటికెళ్తే పడిపోయింది, కలిసి అనుకుని చేసిన పిల్లలు మాత్రం లీడర్ లేకపోయినా చేసుకుపోయారు. ఇంకో రకం లీడర్ కూడా ఉన్నాడు, అంతా పిల్లలకే వదిలేసినోడు, అక్కడ పని అన్నిటికంటే తక్కువ. మీ "ఏం చేద్దాం" అటు జారుతోందేమో చూసుకోండి. రేటు, అడ్వాన్సు మీ చేతిలోవి, అవి అడగొద్దు. "600 మంది పెళ్ళి, రెండో బంతికి అన్నం ఎక్కడ ఆగుతోంది?" అని అడగండి, అది వాళ్ళకే తెలుసు. ఇద్దరిద్దరు మాట్లాడుకుని ఒకరు చెప్తే ఎవరి మాటో బయటపడదు. వడ్డించే కుర్రాళ్ళతో మొదలుపెట్టండి, మాస్టారు ఆఖర్న, మీరు ఆయన తర్వాత. పై వారం, ఆ మాట ఏమైందో ముందు చెప్పండి, కుదరకపోతే ఎందుకు కుదర్లేదో కూడా. అయితే బంతి మీద సాంబారు అయిపోయినప్పుడు మీటింగులేంటి, అక్కడ ఆర్డరే వెయ్యాలి, మాస్టారు కూడా అదే కోరుకుంటాడు.

ఇక ఇంటి సంగతి, నాకైతే అసలు ముడి ఇక్కడే ఉందనిపిస్తోంది. 14 మందినీ అడుగుతున్నారుగానీ ఆయన్ని ఎప్పుడన్నా అడిగారా? అరిచే మనిషని పక్కనపెట్టి, ఆయన పెంచినోళ్ళతోనే ఆయన ముందు కొత్త పద్ధతి మొదలెడితే ఆ ఎత్తిపొడుపు రాకేం చేస్తుంది. ఈ సోమవారం మీటింగ్ ఆపేయండి. పొద్దున్నే కాఫీ మీరే కలిపి తీసుకెళ్ళి, ఆ అన్నం సంగతే ఆయన్ని అడగండి, చెప్తుంటే మధ్యలో అడ్డుపడకుండా వినండి, తర్వాత మెల్లిగా, "పై వారం వాళ్ళందరూ చెప్పాక ఆఖర్న మీరు మాట్లాడండి నాన్నా" అనండి.