మాట పుట్టేటప్పుడు నాలుక కదలికను లెక్కగట్టాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మాట్లాడేటప్పుడు నాలుక, పెదవులు, ముఖ కండరాలు ఎలా కదులుతాయో ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి) లెక్కగట్టే పరిశోధన ఉందని తెలిసి ఆసక్తి కలిగింది. ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ కోర్సులు చేయమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి? - ఓ విద్యార్థిని

జవాబు: మీ ఇంట్లోవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. ‘నాలుక మోడలింగ్ ఇంజినీరు కావలెను’ అని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. ఇది పీహెచ్‌డీ స్థాయి పని. అయితే దీనికోసం మీరు నేర్చుకునేది మెత్తటి కణజాలం ఎంత సాగుతుందో, ఎక్కడ ఒత్తుకుంటుందో లెక్కగట్టడం. ఆ విద్య వైద్య పరికరాల తయారీలో, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, టైర్లు, రబ్బరు సీళ్ల డిజైన్‌లో కూడా పనికొస్తుంది. పరిశోధనలో సీటు దొరక్కపోయినా ఆ దారులు మూసుకుపోవు. ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

ఒక్క హెచ్చరిక. కంప్యూటర్ చేత మాట్లాడించడం మీ లక్ష్యమైతే ఇటు రావద్దు. ఆ పని న్యూరల్ నెట్‌వర్కులు చాలా బాగా చేస్తున్నాయి, వాటికి నాలుక ఆకారంతో అవసరం లేదు. ఈ మోడళ్ల అసలు ప్రయోజనం వైద్యంలో ఉంది. నోటి క్యాన్సర్ రోగికి నాలుకలో ఎంత భాగం తీసేస్తే ఏ శబ్దాలు పలకలేకపోతాడు, దవడ శస్త్రచికిత్స తర్వాత ముఖం ఎలా ఉంటుంది, నిద్రలో నాలుక వెనక్కి జారి శ్వాసకు ఎందుకు అడ్డుపడుతుంది వంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికే ఇవి ఉన్నాయి. నోటి క్యాన్సర్ మన దేశంలో ఎంత ఎక్కువో మీకు తెలుసు.

ఇక విషయంలోకి వద్దాం. నరం లేని నాలుక అని మనవాళ్లు సామెత చెబుతారు గానీ, నిజానికి నాలుకకు లేనిది ఎముక. బయటి నుంచి వచ్చి అతుక్కునే కండరాలు నాలుగు జతలు, లోపలే పుట్టి లోపలే ముగిసేవి నాలుగు రకాలు. కండరమే బలం ఇస్తుంది, కండరమే ఆధారంగా నిలుస్తుంది. ఏనుగు తొండంలాగే దీని ఘనపరిమాణం మారదు. ఒకచోట నొక్కితే మరోచోట ఉబుకుతుంది. జీనియోగ్లాసస్ అనే కండరం వెనుక భాగం బిగిస్తే నాలుక మొదలు ముందుకు జరిగి, పైభాగం అంగిలివైపు లేస్తుంది, ‘ఈ’ పలుకుతాం. స్టైలోగ్లాసస్ వెనక్కి, పైకి లాగుతుంది, ‘ఊ’కి అది కావాలి. హయోగ్లాసస్ కిందికి లాగితే ‘ఆ’ దిశగా పోతుంది.

మీరు ఇప్పటిదాకా లెక్కలు కట్టిన ఉక్కు యంగ్స్ మాడ్యులస్ (గట్టిదనం కొలత) సుమారు 200 గిగాపాస్కల్స్. నాలుక సంగతి చూడండి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు మృతదేహం నాలుకను కడ్డీతో నొక్కి చూసి, యోహ్ నమూనాకు (రబ్బరులా సాగే పదార్థాలకు వాడే సూత్రానికి) 192, 90 పాస్కల్స్ అనే రెండు గుణకాలు రాబట్టారు. బతికున్న నాలుక అంతకంటే గట్టిగా ఉంటుంది కాబట్టి వాటిని 5.4 రెట్లు పెంచి 1037, 486గా వాడారు. మొదటి గుణకాన్ని 6తో గుణిస్తే మాడ్యులస్ సుమారు 6.2 కిలోపాస్కల్స్ వస్తుంది. అంటే ఉక్కు దీనికంటే 3 కోట్ల రెట్లు గట్టిది. కొత్తవాళ్లు మొదట బోల్తాపడేది ఇక్కడే. మెష్ (ముక్కల వల) మిల్లీమీటర్లలో ఉంచి, గుణకాన్ని పాస్కల్స్‌లో ఇచ్చేస్తారు. మిల్లీమీటరు-న్యూటన్ పద్ధతిలో అది 0.001037 మెగాపాస్కల్ అని రాయాలి.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే బయటికి కనిపించదు. ఎంఆర్‌ఐ నుంచి వచ్చిన ఆకారానికి మెష్ చేయడం సులువని నాలుగు నోడ్ల (మూలల) టెట్రాహెడ్రన్లు వాడతారు. కణజాలం దాదాపు కుదించుకోనిది కాబట్టి పాయిసన్ నిష్పత్తి (సాగదీస్తే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే సంఖ్య) 0.49 పైన పెడతారు. అప్పుడు ప్రతి ఎలిమెంటూ తన ఘనపరిమాణం తానే కాపాడుకోబోతుంది, కదలడానికి నోడ్లకు స్వేచ్ఛ చాలదు, మెష్ మొత్తం బిగుసుకుపోతుంది. దీన్నే వాల్యూమెట్రిక్ లాకింగ్ అంటారు. నాలుక కదలడం లేదని విద్యార్థి కండర బలం పెంచుతాడు. కదలిక సరిపోతుంది, బలం తప్పు, ఆ పైన తీసిన నిర్ధారణలన్నీ తప్పు. ఎనిమిది నోడ్ల హెక్సాహెడ్రన్లు (ఇటుక ఆకారపు ముక్కలు) తీసుకుని, పీడనాన్ని ఎలిమెంట్ సగటుగా లెక్కించే పద్ధతి గానీ, పీడనాన్ని విడి చలరాశిగా పెట్టే మిశ్రమ పద్ధతి గానీ వాడండి. ఎలిమెంట్ సైజు సగానికి తగ్గించి మళ్లీ నడపండి. కదలిక గణనీయంగా మారిందంటే ముందు వచ్చిన ఫలితాన్ని నమ్మకూడదు.

సాధన కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తయారైన ఆర్టిసింత్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. జావాలో రాశారు. అందులోని నాలుక మోడల్‌లో 946 నోడ్లు, 740 హెక్సాహెడ్రన్లే ఉంటాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటి నెల దాని జోలికి పోకుండా 10×10×50 మిల్లీమీటర్ల దిమ్మె ఒకటి చేసి, పొడవునా ఒకే కండర పోగు పెట్టి బిగించండి. పొట్టిదై లావెక్కాలి, ఘనపరిమాణం 1 శాతం కూడా మారకూడదు. అదే దిమ్మెను టెట్రాహెడ్రన్లతో చేసి లాకింగ్‌ను కళ్లారా చూడండి. ఆ తర్వాతే నాలుక మోడల్ తెరిచి, ఒక్కో కండరాన్నీ 0 నుంచి మెల్లగా పెంచుతూ ఏం జరుగుతుందో రాసుకోండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మన భాషలోనే మంచి సమస్య ఉంది. 1983లో ధ్వనిశాస్త్రవేత్తలు పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు ఎక్స్‌రే చిత్రాలతో మూర్ధన్యాలను (ట, డ, ణ వంటి శబ్దాలను) పరిశీలించారు. హిందీ మాట్లాడేవారు ‘ట’కు నాలుక కొనను తాకిస్తే, తెలుగు, తమిళం మాట్లాడేవారు కొనను వెనక్కి మడిచి దాని కింది భాగాన్ని అంగిలికి తాకిస్తున్నారని తేలింది. ‘అట్ట’ అని నెమ్మదిగా పలికి చూడండి, తెలుస్తుంది. ఫ్రెంచి అచ్చుల కోసం కట్టిన ఆ గ్రెనోబుల్ మోడల్‌ను ఇంతగా మడవాలంటే కొన దగ్గర ఎలిమెంట్లు లోపలికి తిరగబడి, జాకోబియన్ (ముక్క తిరగబడిందో లేదో చూపే సంఖ్య) రుణాత్మకమై సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) ఆగిపోతుంది. కొన దగ్గర మెష్ చిన్నది చేయాలి, కాలపు అంగను (టైమ్ స్టెప్‌ను) 10 మిల్లీసెకన్ల నుంచి 1కి తగ్గించాలి, అంగిలితో తాకిడిని విడిగా సరిచూడాలి. ఆరు నెలలకు సరిపడా పని ఇది.

ఎంఆర్‌ఐ చిత్రాలు వాడేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. పళ్లలో నీరు చాలా తక్కువ కాబట్టి మామూలు ఎంఆర్‌ఐలో అవి గాలిలాగే నల్లగా కనిపిస్తాయి, వాటి ఆకారం దంత అచ్చు నుంచి తెచ్చుకోవాలి. పైగా స్కాన్‌లో మనిషి వెల్లకిలా పడుకుంటాడు, గురుత్వం నాలుకను వెనక్కి లాగుతుంది. కూర్చుని మాట్లాడే మనిషికి మోడల్ కడుతూ ఈ తేడా మరిచిపోతారు. అలాగే ఒకే ఆకారం రావడానికి కండరాలు రకరకాల కలయికల్లో బిగియవచ్చు. ఆకారం సరిపోయింది కాబట్టి కండరాల లెక్క సరైనదేనని రాయకండి. పరీక్షకులు మొదట అడిగేది అదే.

ముఖం గురించి ఇప్పుడే ఆలోచించవద్దు. పెదవుల చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఓరిస్‌లో బయటి పోగులు బిగిస్తే పెదవులు ముందుకు పొడుచుకొస్తాయి, అంచు పోగులు బిగిస్తే మూసుకుంటాయి. ఆ పోగులు చర్మం కింద ఎంత లోతున పెట్టామన్న దాన్నిబట్టే ఫలితం మారుతుంది. నాలుక పట్టుబడ్డాక అటు వెళ్లండి.

చదువు విషయానికొస్తే, మెకానికల్ పేపర్‌తోనే గేట్ రాయండి. 2020 నుంచి బయోమెడికల్ పేపర్ కూడా ఉంది గానీ, మీ బలం ఘన యాంత్రిక శాస్త్రం. మద్రాస్ ఐఐటీలో అప్లైడ్ మెకానిక్స్, బయోమెడికల్ ఒకే విభాగంలో ఉన్నాయి. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ విభాగం ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో ఉచ్చారణ కదలికలను విద్యుదయస్కాంత సెన్సర్లతో కొలిచే స్పీచ్ ల్యాబ్ ఉంది, స్పీచ్ పాఠాలకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ మంచిది. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. విదేశాల్లో గ్రెనోబుల్, వాంకోవర్ (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) ముందు చూడండి. ఫ్రాన్స్‌లో పీహెచ్‌డీ సాధారణంగా మూడేళ్ల జీతపు ఒప్పందం, కాబట్టి అప్పు చేసి వెళ్లాల్సిన పని లేదు.

ఆచార్యులకు రాసే ఈమెయిల్‌లో మార్కుల జాబితా కంటే ముందు మీ దిమ్మె ప్రయోగం గ్రాఫు ఒకటి పెట్టండి. టెట్రాహెడ్రన్లకు, హెక్సాహెడ్రన్లకు కదలిక ఎంత తేడా వచ్చిందో రెండు వాక్యాల్లో రాయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆపైన మరో ల్యాబ్‌కు రాయండి.