ఫోన్‌కు ఒకరోజు సెలవు: ముందురోజు చూసుకోవాల్సింది సిమ్‌ను

ప్రశ్న: వారానికి ఒకరోజు ఫోన్, ల్యాప్‌టాప్ ముట్టకూడదని మూడుసార్లు అనుకున్నాను. మూడుసార్లూ మధ్యాహ్నం దాటకుండానే ఫోన్ చేతిలోకి వచ్చేసింది. ఇందుకు పనికొచ్చే మంచి యాప్ చెప్తారా?

యాప్ వద్దండి. ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో వారం వారం వస్తోంది, ప్రతి ఉత్తరం చివరా యాప్ పేరే అడుగుతున్నారు. ఈ 'డిటాక్స్' యాప్‌లు అడిగే పర్మిషన్లు చూస్తే నాకు భయమేస్తుంది. మిగతా యాప్‌లను ఆపడానికని వీటిలో చాలావరకు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించడం లాంటి పనుల కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని ఇచ్చేశారంటే మీ తెర మీద ఏముందో ఆ యాప్ చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మాల్‌వేర్ కూడా ఈ అనుమతి కోసమే వెంటపడుతుంది. ఎవరు తయారుచేశారో తెలియని యాప్‌కు అంత పెత్తనం ఇవ్వకండి. టైమర్లే కావాలంటే 2018లో వచ్చిన డిజిటల్ వెల్‌బీయింగ్ ఆండ్రాయిడ్‌లో, స్క్రీన్ టైమ్ ఐఫోన్‌లో ఉన్నాయి. ఒక్కరోజు సెలవుకైతే అవీ అక్కర్లేదు, స్విచ్ ఆఫ్ చేస్తే చాలు.

మధ్యాహ్నానికి ఫోన్ ఎందుకు తీశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. నేను మొదటిసారి ఫోన్‌ను బీరువాలో పెట్టినప్పుడు పదకొండింటికి తీశాను, టైమ్ చూడటానికి. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది, ఫోన్ ఉంది కదా అని ఎవరమూ బ్యాటరీ మార్చలేదు. టైమ్ చూసి పెట్టేద్దామని ఆన్ చేస్తే వరసగా నోటిఫికేషన్లు. ముప్పావుగంట పోయింది. మీ మనసు గట్టిది కాదని బాధపడకండి. గడియారం, అలారం, నంబర్ల పుస్తకం, టార్చిలైటు అన్నీ ఆ ఒక్క వస్తువులోనే పెట్టుకున్నాం. గడియారానికి బ్యాటరీ వేయించండి. విడిగా ఒక అలారం కొనుక్కోండి, ఎందుకంటే స్విచ్ ఆఫ్ చేస్తే చాలా ఫోన్లలో అలారం మోగదు. నాలుగు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇవన్నీ ముందురోజు సాయంత్రమే అయిపోవాలి.

ప్రశ్న: సెలవు రోజంతా ఫోన్ ఆఫ్ చేసి ఉంచితే సెక్యూరిటీ పరంగా ఏమైనా ప్రమాదమా? ఓటీపీలు వస్తే ఎలా?

మీరు అడగని ఓటీపీ మీరు చూడకపోతే నష్టం లేదు, కాసేపటికి దానంతటదే చెల్లకుండా పోతుంది. ఆఫ్‌లో ఉన్న ఫోన్‌కు కూడా భయం లేదు. ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టేదాకా అందులోని సమాచారం చాలావరకు తాళం వేసే ఉంటుంది, వేలిముద్ర కూడా పనిచేయదు. దొంగ చేతిలో పడినా, ఆన్‌లో ఉన్న ఫోన్ కంటే ఆఫ్‌లో ఉన్నదే నయం.

నా టెన్షన్ అంతా మీ నంబర్ గురించి. మీ పేరుతో ఎవడో డూప్లికేట్ సిమ్ తీసుకున్నాడనుకోండి. మీ నంబర్, దానికొచ్చే ఓటీపీలు వాడి చేతికి పోతాయి, మీ సిమ్ పనిచేయడం ఆగిపోతుంది. మీకు తెలిసే మొదటి గుర్తు ఒక్కటే, మీ ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. ఫోన్ చేతిలో ఉంటే పది నిమిషాల్లో అనుమానం వస్తుంది. ఆఫ్‌లో ఉంటే ఆ గుర్తు చూసేవాళ్లే లేరు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే రోజంతా ఆఫ్ చేసి రాత్రి ఆన్ చేస్తే సిగ్నల్ గీతలు రాలేదు. నెట్‌వర్క్ బాలేదనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేసి పడుకున్నారు. తెల్లారి వేరే ఫోన్ నుంచి తన నంబర్‌కు చేస్తే రింగ్ అవుతోంది. తన చేతిలో ఉన్న ఫోన్ మాత్రం మోగడం లేదు.

రెండోది కాల్ ఫార్వర్డింగ్, దీని గురించి ఎవరూ అడగరు. మీ ఫోన్ అందుబాటులో లేనప్పుడు కాల్స్ ఎటు వెళ్లాలో నెట్‌వర్క్‌లోనే ఒక సెట్టింగ్ ఉంటుంది. పార్సెల్ వచ్చిందనో, కేవైసీ అనో ఎవరో ఫోన్ చేసి ఫలానా కోడ్ డయల్ చేయమంటే చేసేవాళ్లున్నారు. అలా చేసినప్పుడు అక్కడ మోసగాడి నంబర్ కూర్చుని ఉండొచ్చు. ఫోన్ ఆన్‌లో ఉన్నన్నాళ్లూ మీకు తేడా తెలియదు. ఆఫ్ చేసిన రోజు మాత్రం మీ కాల్స్ అన్నీ వాడికే, ఓటీపీ చదివి వినిపించే కాల్‌తో సహా. అందుకే ముందురోజు *#62# డయల్ చేసి చూడండి. చాలా నెట్‌వర్కుల్లో ఇది పనిచేస్తుంది. మీ ఆపరేటర్ వాయిస్‌మెయిల్ నంబర్ కనిపిస్తే ఫర్వాలేదు. తెలియని మొబైల్ నంబర్ కనిపిస్తే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి.

మెయిల్, ముఖ్యమైన ఖాతాలకు ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. అందులో సాధారణంగా 30 సెకన్లకోసారి మారే కోడ్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది, సిమ్ కొట్టేసినవాడికి దొరకదు. వాట్సాప్ వాడేవాళ్లు లింక్డ్ డివైజెస్ కూడా చూసుకోండి. మీ ఫోన్ ఆఫ్ అయినా ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచి వదిలేసిన వాట్సాప్ ఆగిపోదు, 14 రోజుల వరకు నడుస్తూనే ఉంటుంది.

ఇంకొకటి, 'ఈరోజంతా నా ఫోన్ ఆఫ్' అని స్టేటస్ పెట్టకండి, దయచేసి. 'మీవాడికి యాక్సిడెంట్ అయింది, అర్జెంటుగా డబ్బు పంపండి' అని ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసే ముఠాలకు అంతకంటే మంచి సమయం దొరకదు. కంగారులో మీకు చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తుంది, దాంతో వాళ్లు నమ్మేస్తారు. సెలవు సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, అవసరమైతే మీ పక్కన ఉండే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్ ఇవ్వండి.

ఇంత జాగ్రత్త మనమే పడాల్సి రావడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఈ వ్యవస్థ కట్టినవాళ్లు, మనిషి ఒకరోజు ఫోన్ చూడకుండా ఉంటాడని ఊహించనే లేదు. మనిషిని గుర్తుపట్టడానికి ఫోన్ నంబర్‌నే ఆధారం చేసుకున్నారు, ఆ నంబర్‌కు తాళం మాత్రం పెట్టలేదు. డూప్లికేట్ సిమ్ ఇవ్వకుండా లాక్ వేసుకునే వీలు కొన్ని దేశాల్లో కొందరు ఆపరేటర్లు ఇస్తున్నారు. అది ప్రతిచోటా ఉండాలి, అడగకుండానే ఆన్‌లో ఉండాలి. యాప్‌లవాళ్లదీ ఇదే తీరు. ఏ రకం నోటిఫికేషన్ కావాలో, ఏది వద్దో విడివిడిగా ఎంచుకునే వీలు ఆండ్రాయిడ్ 8తో 2017లోనే వచ్చింది. మీరు ఓపిగ్గా కూర్చుని అన్నీ ఆపుకుంటారు. తర్వాతి అప్‌డేట్‌లో 'మీకోసం', 'సూచనలు' అని కొత్త రకం ఒకటి పుడుతుంది, పుట్టడమే ఆన్‌లో పుడుతుంది. వద్దని చెప్పిన మనిషిని మళ్లీ మళ్లీ తలుపు తట్టి అడగడం మర్యాద కాదు, అది డిజైన్ అంతకంటే కాదు.

ప్రశ్న: అమ్మకు ఆరోగ్యం బాగుండదు. ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసే ధైర్యం లేదు. స్మార్ట్‌వాచ్ ఒక్కటి పెట్టుకుంటే సరిపోతుందా?

ఆఫ్ చేయకండి. వాచ్ కూడా వద్దు, అది మణికట్టు మీద ఇంకో తెర. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అమ్మ నంబర్, ఆమె దగ్గర ఉండేవాళ్ల నంబర్ మాత్రం మోగేలా చేయండి. రిపీట్ కాలర్స్ కూడా ఆన్ చేస్తే కొత్త నంబర్ నుంచి ఎవరైనా వెంటవెంటనే రెండుసార్లు చేసినప్పుడు మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు రెండో కాల్ రావాలి. మొబైల్ డేటా, వైఫై ఆపేసి, రింగ్ పూర్తిగా పెంచి ఫోన్‌ను పక్క గదిలో బోర్లా పెట్టండి. ముందురోజు అమ్మ ఫోన్ నుంచి ఒకసారి చేసి మోగుతుందో లేదో చూసుకోండి.

రోజు గడిచాక ఫోన్ ఆన్ చేసేవాళ్లందరికీ ఒక మాట. ముందు సిగ్నల్ గీతలు చూడండి. రెండు నిమిషాలైనా రాకపోతే, రీస్టార్ట్ చేసినా రాకపోతే వేరే ఫోన్ నుంచి ఆపరేటర్‌కు, ఆ వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. సిగ్నల్ వస్తే మొదట తెరవాల్సింది ఎస్సెమ్మెస్‌లు. అందులో బ్యాంకువి, ఆపరేటర్‌వి చదివాకే గ్రూపులవైపు వెళ్లండి.